చేప లేని సీఫుడ్ సలాడ్: శనగలా, పనసా, పుట్టగొడుగులా?

సీఫుడ్ సలాడ్‌ను మొక్కల పదార్థాలతో చేద్దామనుకునేవాళ్లు ముందుగా అడిగేది ‘చేప రుచి దేనికి వస్తుంది?’ అని. నిజానికి దేనికీ రాదు. శనగలైనా, పనసకాయైనా, పుట్టగొడుగులైనా వాటంతట వాటికి సముద్రపు రుచి ఉండదు. ఆ రుచిని సముద్రపు నాచుతో, నిమ్మరసంతో, ఉప్పుతో మనమే పట్టించాలి. పట్టించడం తెలిస్తే ఏ దినుసుకైనా పట్టించవచ్చు. పంటి కింద పడే తీరు మాత్రం అలా కాదు. పొడిపొడిగా విడిపోవడం, పీచుగా చీలడం, సాగి తెగడం దినుసుతోపాటే వచ్చే గుణాలు. ఎంత మసాలా వేసినా శనగ రొయ్యలా సాగదు, పనసకాయ ట్యూనా చేపలా పొడిపొడి కాదు. అందుకే దినుసు ఎంచుకునేటప్పుడు రుచి సంగతి పక్కన పెట్టి, నమిలితే ఎలా ఉండాలో ముందు తేల్చుకోమంటాను. మిగతా ఎంపికలన్నీ దాని వెనకాలే వస్తాయి.

ముందు ఏ సలాడ్ కావాలి?

అమెరికాలో ఇళ్లలో ఎక్కువగా చేసుకునేది ట్యూనా సలాడ్. డబ్బా ట్యూనాలో నీళ్లు వంచేసి, మయోనైజ్, సన్నగా తరిగిన సెలరీ (కరకరలాడే ఆకుకూర కాడ), ఉల్లిపాయ కలిపి రొట్టె ముక్కల మధ్య పెట్టుకుంటారు. అక్కడి సూపర్ మార్కెట్లో సిద్ధంగా చేసిన తిండి అమ్మే డెలీ కౌంటర్లో ‘సీఫుడ్ సలాడ్’ అని పేరు రాసి అమ్మేది వేరే. అందులో ఎక్కువగా ఉండేది ఎర్రటి అంచుతో, తెల్లగా ఉండే క్రాబ్ స్టిక్స్. పేరు పీతదే గానీ, అవి పోలాక్ లాంటి తెల్ల చేప మాంసాన్ని కడిగి ముద్ద చేసి, పిండి, గుడ్డు తెల్లసొన, పంచదార, పీత ఫ్లేవర్ కలిపి చేసినవి. 1970ల్లో జపాన్‌లో మొదలైన సరుకు అది. శాకాహారమనుకుని పొరబడి కొనేవాళ్లు ఉన్నారు కాబట్టి ఈ మాట చెప్పాల్సి వస్తోంది. ఇంకోవైపు చూస్తే ఇది మనకు ధైర్యం ఇచ్చే విషయమే. లోకం ఇష్టంగా తింటున్న ఆ సలాడ్‌లో పీతే లేనప్పుడు, మంచి పీచున్న కూరగాయతో అంత దగ్గరగా రావడం అసాధ్యమేమీ కాదు.

మయోనైజ్ లేని రకాలూ ఉన్నాయి. ఇటలీ వాళ్ల ఇన్సలాటా ది మారేలో ఉడికించిన స్క్విడ్, ఆక్టోపస్, రొయ్యలకు ఆలివ్ నూనె, నిమ్మరసం, పార్స్‌లీ పట్టిస్తారు. థాయ్‌లాండ్ వాళ్ల యమ్ తలేలో నిమ్మరసం, పచ్చిమిర్చి, ఫిష్ సాస్, ఉల్లిపాయ ఉంటాయి. మన నాలుకకు ఈ థాయ్ పద్ధతి తొందరగా నచ్చుతుంది. మన దగ్గర చేపంటే పులుసు, ఇగురు, వేపుడే గానీ చల్లటి సలాడ్ అలవాటు తక్కువ. అయినా రాత్రి వండిన చేపల పులుసు మర్నాడు చల్లగా తింటే ఎంత బాగుంటుందో తెలిసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. పులుపూ ఉప్పూ ముక్కలోకి ఇంకడానికి సమయం ఇవ్వడమే రెండింట్లోనూ కిటుకు.

తినేది ఎవరు?

దినుసు కంటే ముందు ఈ ప్రశ్న వేసుకోవాలి. చేపలు తిని మానేసినవాళ్లకు, కార్తీక మాసం నెల రోజులు మాత్రమే మానేవాళ్లకు, రొయ్యలూ పీతలూ పడక ఒళ్లంతా దద్దుర్లు వచ్చేవాళ్లకు పాత రుచి గుర్తుంటుంది. వాళ్ల కోసం చేస్తుంటే నాచు ధైర్యంగా వేయండి (ఎలర్జీ తీవ్రంగా ఉన్నవాళ్లకు తప్ప). పుట్టినప్పటి నుంచీ శాకాహారులైనవాళ్లకు ఆ జ్ఞాపకమే ఉండదు. కొందరికి నీచు వాసన అనే ఊహ వస్తేనే కడుపులో తిప్పుతుంది. వాళ్ల కోసం చేసేటప్పుడు నాచు పూర్తిగా మానేయండి. నిమ్మకాయ, సెలరీ, సోయకూర (డిల్ ఆకు), మిరియాలతోనే అది చక్కటి సలాడ్ అవుతుంది. ఒకే గిన్నెతో ఇద్దరినీ మెప్పించాలని చూస్తే ఇద్దరికీ నచ్చదు. నాచు వేయనిది కలిపి పక్కకు తీసి, మిగిలిన సగానికి నాచు కలపడం సులువైన దారి.

కార్తీక మాసంలో ఉల్లి, వెల్లుల్లి కూడా మానే ఇళ్లుంటాయి, పుట్టగొడుగులు ముట్టని పెద్దవాళ్లూ ఉంటారు. అలాంటి ఇంట్లో ఎంపిక శనగలు, పనస, సోయా పాలను విరగ్గొట్టి చేసే టోఫూల మధ్యకు వచ్చేస్తుంది.

ట్యూనా సలాడ్ కావాలంటే శనగలు, ఇంకో మాట లేదు

డబ్బా ట్యూనా గుణం పొడిపొడిగా, కాస్త ఆరినట్టుగా ఉండటం. మెదిపిన కాబూలీ శనగలు సరిగ్గా అలాగే ఉంటాయి. పైగా చవక, ఏ కిరాణా కొట్టులోనైనా దొరుకుతాయి, కడుపు నిండుతుంది. ఉడికిన శనగలు 100 గ్రాముల్లో దాదాపు 9 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. ట్యూనాలో ఇంతకు రెట్టింపు పైనే ఉంటుంది కాబట్టి రెండూ సమానం అనలేం. కానీ చేపలో బొత్తిగా లేని పీచు శనగల్లో ఉంది.

మొదటిసారి చేస్తున్నవాళ్లు దీనితోనే మొదలుపెట్టండి. 425 గ్రాముల డబ్బా శనగలు గానీ, 110 గ్రాముల ఎండు శనగలు రాత్రంతా నానబెట్టి మెత్తగా ఉడికించినవి గానీ ఇద్దరికి సరిపోతాయి. ఉడికించేది ఇంట్లోనే అయితే మామూలు శనగల కూరకంటే ఒక విజిల్ ఎక్కువ రానివ్వండి. గింజను రెండు వేళ్ల మధ్య నొక్కితే తేలిగ్గా చితకాలి. నీళ్లు వంచి (ఆ నీళ్లు పారబోయకండి, మయోనైజ్‌కు పనికొస్తాయి), గింజలను పళ్లెంలో పరిచి తడి ఆరనివ్వాలి. తర్వాత ఫోర్కుతో గానీ పప్పుగుత్తితో గానీ మెదపాలి. ఇక్కడ తొందరపడొద్దు. మూడింట రెండు వంతులు చితికి, ఒక వంతు సగం సగం గింజలుగా ఉన్నప్పుడే ఆపేయాలి. మిక్సీ జోలికి వెళ్లొద్దు. రెండు సార్లు తిప్పితే హమ్మస్ లాంటి మెత్తటి ముద్ద అవుతుంది, ఇక అందులో ఏం కలిపినా సలాడ్ అవ్వదు.

ఇందులోకి పావు కప్పు సన్నగా తరిగిన సెలరీ, రెండు స్పూన్ల ఉల్లి తరుగు, మూడు టేబుల్ స్పూన్ల మయోనైజ్, ఒక టేబుల్ స్పూన్ నిమ్మరసం, దంచిన మిరియాలు, చేత్తో నలిపిన ఒక నోరి (పలుచగా ఎండబెట్టిన సముద్రపు నాచు) షీట్ వేయండి. ఆవ ఘాటు కోసం సీసా మస్టర్డ్ ఒక టీ స్పూన్ వేయవచ్చు. అది లేకపోతే చిటికెడు ఆవపిండిని కాసిని నీళ్లలో కలిపి ఐదు నిమిషాలు ఉంచి వేయండి. పనసపొట్టు కూరలో ఆవ పెట్టే ఇళ్లవాళ్లకు ఆ ఘాటు ఎంత వేయాలో చెప్పక్కర్లేదు. సెలరీ దొరక్కపోతే గింజలు తీసేసిన కీరదోస, లేత ముల్లంగి, క్యాబేజీ మధ్యలో ఉండే తెల్లటి కాడ, వీటిలో ఏదైనా ఆ కరకర ఇస్తుంది. నాకు అన్నిటికంటే నచ్చింది పచ్చి మామిడి తురుము. అది వేసినప్పుడు నిమ్మరసం తగ్గించాలి.

కలిపిన వెంటనే రుచి చూసి బాగాలేదనుకోకండి. ఫ్రిజ్‌లో ఒక గంట ఉంచితే నాచు మెత్తబడి, ఉప్పూ పులుపూ శనగల్లోకి దిగుతాయి. చల్లబడ్డాక గట్టిపడుతుంది కూడా, కాబట్టి కలిపేటప్పుడు కాస్త జారుగా ఉన్నా ఫర్వాలేదు.

పీత సలాడ్‌కు పీచు కావాలి

ఇక్కడ పోటీ ఎక్కువ. హార్ట్స్ ఆఫ్ పామ్, పనసకాయ, పుట్టగొడుగులు, టోఫూ నాలుగూ పీచుగా చీలేవే, చీలే తీరులోనే తేడా.

హార్ట్స్ ఆఫ్ పామ్ అంటే ఒక రకం తాటిజాతి చెట్టు లోపలి లేత మొవ్వు. ఈక్వడార్, కోస్టారికా లాంటి దేశాల నుంచి డబ్బాల్లో, సీసాల్లో వస్తుంది. కోనసీమలో గాలివానకు పడిపోయిన కొబ్బరి చెట్టు మొవ్వు రుచి చూసినవాళ్లకు ఇది ఇట్టే గుర్తుపట్టగలిగే రుచి. తెల్లటి కడ్డీల్లా ఉంటుంది. డబ్బాలోంచి తీసి, కడిగి, బట్టతో అద్ది, కడ్డీని నిలువుగా రెండుగా చీల్చండి. లోపల పొరలు పొరలుగా కనిపిస్తాయి. బయటి పొరను బొటనవేలితో తోస్తే అది రిబ్బనులా వచ్చేస్తుంది. దాన్ని నిలువునా చీలిస్తే పీత కాలు పెంకు పగలగొట్టినప్పుడు వచ్చే పోగుల్లాంటి పోగులు. మధ్యలో ఉన్న మెత్తటి భాగం చీలదు, దాన్ని సన్నటి చక్రాలుగా కోసి అందులోనే కలిపేయండి. చిన్నచిన్న గుండ్రాలు కూడా అందంగానే ఉంటాయి. వండక్కర్లేదు, వేయించక్కర్లేదు. కాస్త తీపి, కాస్త పులుపు ముందే ఉంటాయి. పీత మాంసానికి ఇంత దగ్గరగా వచ్చే మొక్క పదార్థం నాకు తెలిసి వేరొకటి లేదు. అమెరికాలో, యూరప్‌లో ఉన్నవాళ్లు పీత సలాడ్ చేయాలంటే దీనితోనే చేయండి. ఇక్కడ మన ఊళ్లలో అయితే పెద్ద నగరాల సూపర్ మార్కెట్లలోనో ఆన్‌లైన్‌లోనో వెతుక్కోవాలి, ధర కూడా బరువే. ప్రోటీన్ అంతంత మాత్రమే కాబట్టి దీన్ని ఒక్కదాన్నే తిని భోజనం అయిందనుకోకూడదు.

ఆంధ్ర, తెలంగాణల్లో ఉన్నవాళ్లకు నేను చెప్పేది పాల పుట్టగొడుగులు. బటన్ పుట్టగొడుగులు చీలవు, వాటిని వదిలేయండి. పాల పుట్టగొడుగుకు తెల్లటి, లావుపాటి, గట్టి కాడ ఉంటుంది. చాలామంది కూరలో ఆ కాడనే పక్కన పడేస్తారు, మనకు కావాల్సింది అదే. కాడను అడ్డంగా వేలెడు పొడవు ముక్కలు చేసి, ఫోర్కు ములుకులు గుచ్చి పై నుంచి కిందికి గీయండి. పోగులు విడివడతాయి. విదేశాల్లో దొరికే కింగ్ ఆయిస్టర్ పుట్టగొడుగు కాడ కూడా అచ్చం ఇలాగే చీలుతుంది. ముత్యపు చిప్ప పుట్టగొడుగులైతే ఫోర్కు కూడా అక్కర్లేదు, చేత్తో చీల్చుకోవచ్చు, కానీ పోగు కాస్త మెత్తగా ఉంటుంది.

పుట్టగొడుగుల్లో చిక్కంతా నీళ్లతోనే. పచ్చివాటిలో 90 శాతం దాకా నీరే ఉంటుంది. చీల్చిన పోగులను నూనె లేకుండా వెడల్పాటి పెనం మీద పలుచగా పరిచి, చిటికెడు ఉప్పు చల్లి, పెద్ద మంట మీద వేడి చేయాలి. మొదట నీరు ఊరి చిటపటలాడుతుంది, ఆ చప్పుడు తగ్గి పోగుల అంచులు కాస్త లేత గోధుమ రంగుకు తిరిగేటప్పుడు ఒక స్పూన్ నూనె, నిమ్మరసం వేసి దించాలి. పూర్తిగా చల్లారాకే మయోనైజ్ కలపాలి. వేడి మీద కలిపితే మయోనైజ్ విరిగి నూనె తేలుతుంది. నీరు ఇంకకుండానే కలిపితే రెండు గంటల్లో గిన్నె అడుగున తెల్లటి నీళ్లు చేరతాయి.

పనసకాయను ఈ పనికి అందరూ తెగ మెచ్చుకుంటారు. నేను అంత మెచ్చుకోను. వేడి కూరకు, బిర్యానీకి, పులుసుకు పనస దివ్యంగా ఉంటుంది. చల్లటి సలాడ్‌లో మాత్రం దాని పీచు కాస్త నీళ్లు పట్టినట్టు మెత్తగా తగులుతుంది, రుచి చప్పగా ఉంటుంది. ప్రోటీన్ దాదాపు లేనట్టే. అయినా చేయాలనుకుంటే రెండు జాగ్రత్తలు. విదేశాల్లో డబ్బా కొనేవాళ్లు ఉప్పు నీళ్లలో ఉన్న లేత పనసే కొనాలి, పాకంలో ఉన్నది పండు, సలాడ్‌కు పనికిరాదు. మన దగ్గర లేత కాయ వేసవి ముందు నుంచి మార్కెట్లో కనిపిస్తుంది. మార్కెట్లో కొట్టి అమ్మే పనసపొట్టు మరీ సన్నం, కాబట్టి ముక్కలుగా ఉన్నదే తీసుకుని, ఉప్పు వేసి ఉడికించి, మధ్య గట్టి భాగమూ గింజలూ తీసి, చేత్తో చిదిమి, పలుచటి బట్టలో వేసి గట్టిగా పిండాలి. పిండాక నూనెలో కాసేపు వేయిస్తే కొంత గట్టిదనం వస్తుంది. కొత్త మనిషికి ఇంత పని అనవసరం. ఇంట్లో పనస చెట్టు ఉన్నవాళ్లు మాత్రం తప్పక చేసి చూడండి.

టోఫూ సంగతి చాలామందికి తెలియదు. గట్టి టోఫూను ప్యాకెట్‌తో సహా రాత్రంతా డీప్ ఫ్రిజ్‌లో గడ్డకట్టించి, తీసి కరిగించి, రెండు అరచేతుల మధ్య నొక్కితే నీరంతా పోయి స్పాంజిలా అవుతుంది. లోపల గడ్డకట్టిన నీరు చేసిన సన్నటి గదులు మిగులుతాయి, వాటిలోకి నాచు నీళ్లు, నిమ్మరసం ఇట్టే పీల్చుకుంటుంది. చేత్తో చిదిమితే రేకులు రేకులుగా విడిపోతుంది. పీతకంటే ఉడికిన తెల్ల చేపకు దగ్గరగా ఉంటుంది ఇది. ప్రోటీన్ కావాలనుకునేవాళ్లకు ఈ నాలుగింటిలో ఇదే మేలు. పనీర్ చూడ్డానికి ఇలాగే ఉన్నా, అది పాలతో చేసింది కాబట్టి మన లెక్కలోకి రాదు.

రొయ్యలు, స్క్విడ్ లాంటి సాగుడు కావాలంటే

ఇంట్లో సున్నా నుంచి చేయడం కష్టమైన రకం ఇదే. కింగ్ ఆయిస్టర్ లేదా పాల పుట్టగొడుగు కాడను చీల్చకుండా అంగుళం మందాన చక్రాలుగా కోసి, రెండు వైపులా గళ్ళు గళ్ళుగా పైపైన గీసి, నాచు నీళ్లలో కాసేపు ఉడికించి, తర్వాత పెనం మీద కాల్చితే స్క్విడ్‌ లాంటి బిగువు వస్తుంది. ఇటలీ పద్ధతికి, థాయ్ పద్ధతికి దీన్ని మించింది లేదు.

అమెరికాలో ఆసియా దుకాణాల ఫ్రీజర్లలో కొంజాక్‌తో చేసిన శాకాహార రొయ్యలు దొరుకుతాయి. కొంజాక్ మన కంద జాతికి చెందిన దుంపే. ప్యాకెట్ విప్పగానే దాని నీళ్లకు చేపలాంటి వాసన వేస్తుంది, అది చెడిపోయిన గుర్తు కాదు. బాగా కడిగి, రెండు నిమిషాలు మరిగే నీళ్లలో వేసి తీసి, పొడి పెనం మీద తడి పోయేదాకా వేయించండి. ప్యాకెట్ మీద ‘వెజిటేరియన్’ అని ఉన్నా గుడ్డు తెల్లసొన కలిపినవి ఉంటాయి, దినుసుల జాబితా చదవకుండా కొనొద్దు.

మీల్ మేకర్ గురించి అడిగేవాళ్లు చాలామంది. ఎండు మీల్ మేకర్ 100 గ్రాముల్లో 50 గ్రాములకు పైగా ప్రోటీన్ ఉంటుంది, చవక కూడా. కానీ చల్లబడితే రబ్బరులా అవుతుంది, సోయా వాసన పైకి వస్తుంది. ఒంటరిగా వాడమని చెప్పలేను. సన్న రకం తీసుకుని, వేడి నీళ్లలో నానబెట్టి, నీళ్లు మార్చి మార్చి మూడుసార్లు పిండి, శనగల సలాడ్‌లో మూడో వంతు కలిపితే బాగుంటుంది, ప్రోటీనూ పెరుగుతుంది.

సముద్రపు రుచి ఎక్కడి నుంచి

1908లో కికునే ఇకెదా అనే జపాన్ శాస్త్రవేత్త కొంబు అనే సముద్రపు నాచు నుంచి కమ్మటి రుచినిచ్చే గ్లుటమేట్‌ను వేరుచేశారు. చేపలోనూ, రొయ్యలోనూ మనం కమ్మదనం అనుకునేదాంట్లో పెద్ద భాగం ఇలాంటివే. అందుకే నాచు వేస్తే నాలుక నమ్ముతుంది. సుషీ చుట్టే నోరి షీట్లు అన్నిటికంటే తేలిక. మంట మీద రెండు సెకన్లు చూపించి నలిపేస్తే చాలు. కొంబు దొరికితే రెండు అంగుళాల ముక్కను కప్పు నీళ్లలో అరగంట నానబెట్టి, మరగకుండా వేడి చేసి, ఆ నీళ్లలో టోఫూనో పుట్టగొడుగులనో నానబెట్టండి. మరిగితే జిగురు, చేదు వస్తాయి.

థైరాయిడ్ మందులు వాడేవాళ్లు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. పెద్దవాళ్లకు రోజుకు కావాల్సిన అయోడిన్ 150 మైక్రోగ్రాములు. కొంబు, కెల్ప్ (కొంబు జాతి పెద్ద నాచు) పొడి ఒక్క గ్రాములోనే అంతకు ఎన్నో రెట్లు ఉండగలదు. నోరిలో చాలా తక్కువ. అందుకని రోజూ చేసుకునే సలాడ్‌కు నోరి వాడండి, కెల్ప్ పొడిని స్పూన్లకొద్దీ వేయమనే వంటకాల జోలికి వెళ్లకండి. రొయ్యలు, పీతలు పడనివాళ్లకు ఇంకో మాట: నాచుతోపాటు వలలో చిన్న చిన్న రొయ్య జాతి జీవులు చిక్కే అవకాశం ఉంది, చాలా ప్యాకెట్ల మీద ఆ హెచ్చరిక ఉంటుంది. ఎలర్జీ తీవ్రంగా ఉంటే నాచు మానేయడమే క్షేమం.

పీత, రొయ్యల్లో ఉండే సన్నటి తీపి గ్లైసిన్ లాంటి అమైనో ఆమ్లాల వల్ల వస్తుంది. అందుకే పీత సలాడ్‌లో చిటికెడు పంచదార వేయడం నిజంగా పనిచేస్తుంది, ట్యూనా రకంలో అక్కర్లేదు. అమెరికాలో పీతలకు వాడే ఓల్డ్ బే మసాలా ఉంటే అర స్పూన్ వేయండి. బాల్టిమోర్‌లో గుస్తావ్ బ్రన్ అనే జర్మన్ శరణార్థి తయారుచేసిన మసాలా అది, సెలరీ ఉప్పు, మిరియాలు, పాప్రికా అందులో ముఖ్యం. అందులో చేప ఏమీ ఉండదు, కానీ అమెరికాలో పెరిగిన పిల్లలకు ఆ వాసన వస్తే పీత గుర్తొస్తుంది. నల్ల ఉప్పు వేయమని కొందరు చెబుతారు. దానికి వచ్చేది గుడ్డు వాసన, సముద్రానిది కాదు. మయోనైజ్‌కు చిటికెడు బాగుంటుంది, అంతకు మించి వద్దు.

డిల్ ఆకు, అంటే తెలంగాణ మార్కెట్లలో కట్టలుగా దొరికే సోయకూర, పీత సలాడ్‌కు ప్రాణం. సన్నగా తరిగి ఒక స్పూన్ వేయండి. థాయ్ పద్ధతిలో చేసేవాళ్లు ఫిష్ సాస్ బదులు సోయా సాస్‌లో నోరి నలిపి కాసేపు ఉంచి వడకట్టుకోవచ్చు. వూస్టర్‌షైర్ సాస్‌లో చేపలుంటాయి, గుర్తుంచుకోండి.

మయోనైజ్: కొనాలా, చేసుకోవాలా?

తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరులో పచ్చి గుడ్లతో చేసే మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించాక ఎగ్‌లెస్ మయోనైజ్ సంగతి అందరికీ తెలిసింది. ఎగ్‌లెస్ అంటే పాలు లేనిదని కాదు. చాలా సీసాల్లో పాల పొడి ఉంటుంది. మన దేశంలో పచ్చ చుక్క శాకాహారానికి గుర్తు, పాలు ఉన్నా ఆ చుక్క వేయవచ్చు. 2022లో వచ్చిన వీగన్ ఆహార నిబంధనల ప్రకారం వేరే గుర్తు ఉంది, పచ్చటి ‘వీ’ అక్షరం మీద చిన్న ఆకు. మీకు పాలు ఫర్వాలేదంటే ఏ ఎగ్‌లెస్ సీసా అయినా సరే, పాలూ వద్దనుకుంటే ఆ ఆకు గుర్తు చూడండి.

ఇంట్లో చేసుకుంటే రుచి ఇంకో మెట్టు పైన ఉంటుంది. తేలికైనది సోయా పాలతో. చక్కెర లేని సోయా పాలు అర కప్పు, రెండు టీ స్పూన్ల నిమ్మరసం, ఉప్పు, కాస్త ఆవ పొడవాటి గ్లాసులో వేసి, హ్యాండ్ బ్లెండర్ తిప్పుతూ వాసన లేని నూనె ఒక కప్పు సన్నటి ధారగా పోస్తే నిమిషంలో చిక్కబడుతుంది. పాలూ నూనె రెండూ ఒకే వేడిమిలో ఉండాలి. బాదం పాలతో ఇలా చిక్కబడదు, సోయా ప్రోటీనే నూనెనూ నీటినీ పట్టి ఉంచేది. వేరుశనగ నూనె మనకెంత ఇష్టమైనా ఇందులో దాని వాసన డామినేట్ చేస్తుంది, పొద్దుతిరుగుడు నూనె వాడండి.

సోయా పడనివాళ్లకు శనగలు ఉడికిన నీళ్లు. ఫ్రాన్స్‌లో జోయెల్ రోసెల్ 2014లో ఈ నీళ్లు గుడ్డు తెల్లసొనలా నురగ కడతాయని చూపించారు, మరుసటి ఏడాది గూస్ వోల్ట్ దానికి ఆక్వాఫాబా అని పేరు పెట్టారు. మూడు టేబుల్ స్పూన్లు ఒక గుడ్డుకు సమానం. ఇంట్లో ఉడికించిన నీళ్లు పలుచగా ఉంటే పొయ్యి మీద మరిగించి జిగురుగా అయ్యేదాకా ఇగరబెట్టి, చల్లార్చి వాడాలి. శనగల సలాడ్ చేసేవాళ్లకు ఇది ఎలాగూ చేతిలో ఉండేదే. జీడిపప్పు నానబెట్టి రుబ్బితే కూడా చిక్కటి తెల్లటి ముద్ద వస్తుంది, నూనె తక్కువ. ఫ్రిజ్‌లో అది గట్టిపడుతుంది, తీపి ఎక్కువ, కాబట్టి పీత సలాడ్‌కు బాగుంటుంది, ట్యూనా రకానికి అంత బాగుండదు.

నిల్వ, వడ్డన

చేప లేదు కదా అని బయట వదిలేయకండి. మూతపెట్టి ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంచవచ్చు. బల్ల మీద రెండు గంటలకు మించి ఉండకూడదు, మన ఎండల్లో 32 డిగ్రీలు దాటితే గంటే గడువు. శనగల సలాడ్ రెండో రోజు ఇంకా బాగుంటుంది. మొవ్వు సలాడ్ చేసిన రోజే బాగుంటుంది, మర్నాటికి నీరు వదులుతుంది. పిల్లల లంచ్ బాక్సుకు రొట్టె వేరుగా, సలాడ్ వేరుగా పెట్టి పంపితే రొట్టె తడిసిపోదు.

చేపలు మానేసి ఒమేగా-3 కోసం బెంగపడేవాళ్లు ఈ సలాడ్‌ను దానికి ప్రత్యామ్నాయం అనుకోకూడదు. నోరి పొడి వేసినంత మాత్రాన అది రాదు. అవిసె గింజలు రోజువారీ తిండిలో ఉంచుకోవడం, అవసరమైతే డాక్టర్‌ని అడిగి నాచు నూనె గుళికలు తీసుకోవడం వేరే సంగతి. బీ12 సంగతి కూడా డాక్టర్‌తో మాట్లాడుకోవాల్సిందే.

తలా ఒక వంటకం తెచ్చుకుని పదిమంది కలిసి తినే పాట్‌లక్‌కు పట్టుకెళ్తుంటే శనగల రకమే తీసుకెళ్లండి, ఉల్లి లేకుండా. గిన్నె పక్కన చిన్న కాగితం మీద సోయా ఉందా, జీడిపప్పు ఉందా, నాచు ఉందా అన్నది తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి పెట్టండి. ‘చేపల సలాడ్ అనుకుని ముట్టుకోలేదు’ అని ఏ పెద్దావిడా ఆకలితో కూర్చోదు, జీడిపప్పు పడని పిల్లాడు పొరపాటున తినడు.